వీధి ఎవరిది? - అమెరికాలో బహిరంగంగా తుపాకీ ధరించే చట్టాలు

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



నిన్న సాయంత్రం చర్చలో ఒక చెల్లెలు లేచి, "ఎన్ని చట్టాలొచ్చినా ఆడవాళ్ళకి రక్షణ లేదు, అమెరికాలోలాగా మనకీ తలా ఒక తుపాకీ ఇచ్చేస్తే పీడా వదులుతుంది" అంది. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ కోపం నాకు అర్థమయింది. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత ఇదే మాట నేను చాలా సమావేశాల్లో విన్నాను. అందుకే ఇవాళ మాట్లాడదామనుకున్న విషయాన్ని పక్కనపెట్టి, ఆ అమెరికాలో తుపాకీ వీధిలోకి వస్తే స్త్రీలకేం జరిగిందో చెప్పాలనుకుంటున్నాను.

ముందు నా సొంత అనుభవం ఒకటి. 2017లో మా చెల్లెలి కూతురి పురిటికి టెక్సాస్ వెళ్ళాను. ఒకరోజు ఇద్దరం కూరగాయలు కొనడానికి పెద్ద దుకాణానికి వెళ్ళాం. టమాటాలు ఏరుతుంటే మా పక్కనే ఒక మగమనిషి నిలబడి వున్నాడు. నడుముకి పిస్తోలు, అందరికీ కనపడేటట్టు. పోలీసు కాదు. పక్కన అయిదారేళ్ళ పిల్లాడు కూడా వున్నాడు. ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు. మావైపు చూడను కూడా లేదు. కానీ నెలలు నిండిన మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, సరుకులు నింపిన బండిని అక్కడే వదిలేసి బయటకు నడిచింది. కారులో కూర్చున్నాక, "పోలీసులకి చెప్పొచ్చుగా" అన్నాను. "ఏమని చెప్పను పెద్దమ్మా? అది నేరం కాదు. చట్టమే" అంది.

ఆ "చట్టమే" అన్న మాట నన్ను వదల్లేదు. సోషియాలజీ చదివినదాన్ని కాబట్టి వెతకడం మొదలుపెట్టాను.

ఒక ఫోన్ కాల్ సంగతి చెబుతాను. 2015 అక్టోబరు 31 ఉదయం, కొలరాడో స్ప్రింగ్స్ నగరం. తన ఇంటి పక్కనుంచి ఒక మనిషి రైఫిల్ పట్టుకుని నడుస్తుండడం ఒక స్త్రీ చూసింది. భయపడి పోలీసు అత్యవసర నంబరుకి ఫోన్ చేసింది. ఫోనెత్తిన వ్యక్తి, ఈ రాష్ట్రంలో బహిరంగంగా తుపాకీ పట్టుకుని తిరగడానికి చట్టం అనుమతిస్తుందని ఆమెకి చెప్పారు. కొద్ది నిమిషాల తర్వాత ఆమె మళ్ళీ ఫోన్ చేయాల్సివచ్చింది. అప్పటికే ఆ మనిషి కాల్పులు మొదలుపెట్టాడు. సైకిలు మీద పోతున్న ఒక పురుషుణ్ణి, ఒక ఇంటి వసారాలో వున్న ఇద్దరు స్త్రీలనీ చంపేశాడు. చివరికి పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు.

ఇక్కడ ఫోనెత్తినవారిని నిందించి వూరుకోవడం తేలిక. కానీ అసలు ప్రశ్న వేరు. మొదటి తూటా పేలేవరకూ ఆ మనిషి చట్టం దృష్టిలో సాధారణ పౌరుడు. ప్రమాదాన్ని ముందుగా గుర్తుపట్టిన స్త్రీ భయానికి మాత్రం చట్టంలో చోటు లేదు. భార్య "నన్ను చంపుతాడు" అని స్టేషనుకి వస్తే "ఇంకా ఏమీ చెయ్యలేదు కదమ్మా" అనే పోలీసులు మనకి కొత్త కాదు. అక్కడ అదే మాటని చట్టం అంటోంది.

అసలీ చట్టాలు ఎలా వున్నాయి? అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన రెండో సవరణ ఆయుధాలు కలిగివుండే హక్కు గురించి చెబుతుంది. అది వ్యక్తికి చెందిన హక్కని, ఇంట్లో ఆత్మరక్షణకి పిస్తోలు వుంచుకోవచ్చని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. ఆ హక్కు రాష్ట్రాలకీ వర్తిస్తుందని 2010లో చెప్పింది. 2022 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్ర చట్టాన్ని కొట్టేస్తూ, ఇంటి బయట కూడా ఆయుధం ధరించే హక్కు వుందని తేల్చింది. ఈ చట్రం లోపల ఏ రాష్ట్రం చట్టం దానిదే. దాచుకుని తిరగడానికి ఒక నియమం, కనపడేలా ధరించడానికి ఇంకో నియమం, పిస్తోలుకి ఒకటి, రైఫిల్‌కి మరొకటి.

టెక్సాస్ సంగతే చూడండి. తుపాకీ రాజ్యమని పేరుబడ్డ ఆ రాష్ట్రంలో పిస్తోలు పెట్టుకుని తిరగడాన్ని 1871లోనే నిషేధించారు. లైసెన్సుతో దాచుకుని తిరగొచ్చని 1995లో అన్నారు. లైసెన్సుతో పైకి కనపడేలా ధరించవచ్చన్న చట్టం 2016 జనవరి 1 నుంచి వచ్చింది. 2021 సెప్టెంబరు నుంచి లైసెన్సే అక్కర్లేదన్నారు. 2024 నాటికి లైసెన్సు లేకుండా తుపాకీ ధరించి తిరగనిచ్చే రాష్ట్రాలు 29. ఫ్లోరిడాలో బహిరంగంగా ధరించడంపై 1987 నుంచీ నిషేధం వుండేది. 2025 సెప్టెంబరులో అక్కడి అప్పీలు కోర్టు ఆ నిషేధం చెల్లదంది. అంటే ఇదంతా అనాదిగా వస్తున్న ఆచారం అన్న మాట నిజం కాదు. మన కళ్ళముందే, మన కాలంలోనే జరిగిన మార్పు ఇది.

మరి నగరాలు, పట్టణాలు తమ వీధుల గురించి తాము నిర్ణయించుకోలేవా? చాలాచోట్ల నిర్ణయించుకోలేవు. తుపాకుల మీద స్థానిక సంస్థలు సొంత నియమాలు చేయకూడదని నలభైకి పైగా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. ఫ్లోరిడా మరీ ముందుకెళ్ళి, అలాంటి నియమం చేసిన స్థానిక ప్రతినిధులకి 5,000 డాలర్ల వరకూ జరిమానా, పదవి నుంచి తొలగింపు అని 2011లో శాసించింది. పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో స్త్రీల ప్రాతినిధ్యం కోసం పోరాడినవాళ్ళం కనుక దీని అర్థం మనకి వెంటనే తెలుస్తుంది. స్త్రీల మాట కాస్తయినా వినపడే చోటు స్థానిక సంస్థ. అధికారాన్ని అక్కణ్ణుంచే లాగేసుకున్నారు.

స్థానిక అధికారం వుంటే ఏమవుతుందో కొలరాడో రాష్ట్రమే చూపిస్తుంది. రాజధాని డెన్వర్ నగరం బహిరంగంగా తుపాకీ ధరించడాన్ని నిషేధించింది. దానిపై వ్యాజ్యం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2006లో న్యాయమూర్తులు సగం సగంగా చీలిపోవడంతో నిషేధం నిలిచింది. కొలరాడో స్ప్రింగ్స్ అక్కణ్ణుంచి సుమారు 110 కిలోమీటర్లు. అదే మనిషి అదే రైఫిల్‌తో డెన్వర్ వీధిలో నడిచివుంటే, ఆ స్త్రీ చేసిన మొదటి ఫోన్ కాల్ ఒక నేరం గురించిన ఫిర్యాదు అయివుండేది. ఆ ముగ్గురూ తప్పకుండా బతికేవారని నేననను. కానీ ఆమె మాటకి చట్టం వైపు నుంచి ఒక బలం వుండేది.

ఇప్పుడు చరిత్రలోకి వెళదాం. 1328లోనే ఇంగ్లండులో సంతల్లో, బజారుల్లో ఆయుధాలతో తిరగకూడదని శాసనం వుంది. అమెరికాలో 19వ శతాబ్దంలో అనేక రాష్ట్రాలు ఆయుధాన్ని దాచుకుని తిరగడాన్ని నిషేధించాయి. పైకి కనపడేలా ధరించడాన్ని మాత్రం కొన్ని కోర్టులు గౌరవంగా చూశాయి. 1850లో లూసియానా కోర్టు, దాచుకోవడం దొంగచాటు హత్యలకి దారితీస్తుందనీ, బాహాటంగా ధరించడం మగవాళ్ళని పౌరుషంతో ఆత్మరక్షణ చేసుకోమని ప్రోత్సహిస్తుందనీ అర్థం వచ్చేలా రాసింది. గమనించండి, పౌరుషం అన్న భావన చట్టం వ్యాఖ్యానంలోకి వచ్చి కూర్చుంది. ఇటీవలి సుప్రీంకోర్టు తీర్పుల్లో కూడా ఆ పాత తీర్పుని ఉదహరించారు.

ఆ పౌరుషం కూడా తెల్లవాళ్ళదే. బానిసత్వం రద్దయిన వెంటనే 1865లో మిసిసిపీ రాష్ట్రం నల్లజాతి ప్రజల చేతుల్లో ఆయుధాలుండకూడదని చట్టం చేసింది. వందేళ్ళ తర్వాత, 1967 మే 2న కాలిఫోర్నియా శాసనసభ భవనానికి బ్లాక్ పాంథర్ పార్టీవాళ్ళు 30 మంది తుపాకులతో వచ్చారు. వాళ్ళలో ఆరుగురు స్త్రీలు. పోలీసుల దౌర్జన్యం నుంచి తమ పేటలని కాపాడుకోవడానికి గస్తీ తిరిగే హక్కు తమకుందన్నారు. ఆ యేడాదే అప్పటి గవర్నర్ రోనాల్డ్ రీగన్, బహిరంగ స్థలాల్లో తూటాలు నింపిన తుపాకీతో తిరగడాన్ని నిషేధించే చట్టంపై సంతకం చేశాడు. నల్లవాళ్ళు తుపాకీ పట్టేసరికి తుపాకీ ప్రమాదకరమైంది!

2014 ఆగస్టులో ఒహాయో రాష్ట్రంలో 22 ఏళ్ళ నల్లజాతి యువకుడు దుకాణంలో అమ్మకానికి పెట్టిన గాలి తుపాకీని చేత్తో పట్టుకున్నందుకు పోలీసులు కాల్చిచంపారు. నవంబరులో అదే రాష్ట్రంలో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న 12 ఏళ్ళ నల్లజాతి పిల్లవాణ్ణి కాల్చిచంపారు. ఒహాయోలో బహిరంగంగా తుపాకీ ధరించడం చట్టబద్ధమే. చట్టం అందరికీ ఒకటేనని రాసివుంటుంది. వీధిలో అది ఎవరి ఒంటిమీద వాలుతుందో దాన్నిబట్టి మారిపోతుంది. కులం తెలిసినవాళ్ళకి ఇంతకన్నా వివరించి చెప్పక్కర్లేదు.

ఇక స్త్రీల సంగతి. 2012 డిసెంబరులో కనెక్టికట్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో 20 మంది పిల్లల్నీ, ఆరుగురు సిబ్బందినీ కాల్చిచంపాక, షానన్ వాట్స్ అనే గృహిణి 'మామ్స్ డిమాండ్ యాక్షన్' అనే సంస్థని మొదలుపెట్టింది. 2013 నవంబరులో టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఆ సంస్థకి చెందిన నలుగురు స్త్రీలు ఒక హోటల్లో కూర్చుని మాట్లాడుకుంటుంటే, సుమారు 40 మంది తుపాకులు పట్టుకుని బయట కార్లు నిలిపే చోట చేరారు. వాళ్ళు ఎవరినీ కొట్టలేదు, కాల్చలేదు. రైఫిల్ బహిరంగంగా పట్టుకోవడం అక్కడ నేరం కాదు. కనుక నేరమేమీ జరగలేదు! ఆ నలుగురిలో మీరొకరనుకుని చూడండి. తర్వాతి సమావేశానికి వస్తారా? మీ ఇంట్లోవాళ్ళు రానిస్తారా?

నా ఉద్దేశంలో బహిరంగంగా ధరించే తుపాకీ చేసే పని ఇదే. అది పేలనక్కర్లేదు. ఎవరు మాట్లాడొచ్చో, ఎవరు తల దించుకుని పోవాలో కనపడగానే నిర్ణయిస్తుంది. 2020 ఏప్రిల్ 30న మిషిగన్ శాసనసభ భవనంలోకి ఆయుధాలు ధరించిన నిరసనకారులు ప్రవేశించారు. ఆ రోజు అది చట్టబద్ధమే. ఆ అక్టోబరులో, ఆ రాష్ట్ర మహిళా గవర్నర్ గ్రెచెన్ విట్మర్‌ని అపహరించడానికి పన్నిన కుట్ర బయటపడింది. తర్వాత 2021 జనవరిలో ఆ భవనంలో బహిరంగంగా తుపాకీ ధరించడాన్ని నిషేధించారు. 2022 ఎన్నికల్లో అరిజోనాలో బ్యాలెట్ పెట్టెల దగ్గర కొందరు ఆయుధాలతో కాపలా కాస్తే, కోర్టు 250 అడుగుల లోపు ఆయుధాలు కనపడకూడదని ఆదేశించాల్సివచ్చింది. 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా జరిగిన ప్రదర్శనలని రెండు సంస్థలు కలిసి పరిశీలిస్తే, ఆయుధాలు కనపడిన ప్రదర్శనల్లో సుమారు 16 శాతం హింసకో విధ్వంసానికో దారితీశాయి. ఆయుధాలు లేనిచోట అది 3 శాతం కన్నా తక్కువ. తుపాకీ వుంటే అందరూ మర్యాదగా వుంటారన్న వాదనకి ఈ లెక్కే జవాబు.

ఇంటికీ వీధికీ మధ్య గోడ లేదని మనం మొదటినుంచీ చెబుతున్నాం. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 11 నగరాల్లో చేసి 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, హింసించే మగవాడికి తుపాకీ అందుబాటులో వుంటే ఆ స్త్రీ హత్యకి గురయ్యే ప్రమాదం అయిదు రెట్లు పెరుగుతుంది. అందుకే స్త్రీల ఉద్యమాలు పోరాడి, కోర్టు రక్షణ ఉత్తర్వు వున్న మగవాడి దగ్గర తుపాకీ వుండకూడదని 1994లో కేంద్ర చట్టం తెప్పించుకున్నాయి. గృహహింస నేరంలో శిక్షపడినవాళ్ళకి 1996లో నిషేధం వచ్చింది. పెళ్ళి కాని, కలిసి కాపురం చేయని సహచరుణ్ణి ఇందులో చేర్చడానికి 2022 దాకా ఆగాల్సివచ్చింది.

ఆ రక్షణ కూడా కొద్దిలో పోయేది. 2022 తీర్పులో సుప్రీంకోర్టు, ఏ తుపాకీ నియంత్రణ అయినా దేశ చారిత్రక సంప్రదాయానికి సరిపోవాలని షరతు పెట్టింది. దాన్ని పట్టుకుని 2023లో ఒక అప్పీలు కోర్టు, గృహహింసకుల ఆయుధాలు తీసుకునే సంప్రదాయం ఆనాడు లేదు కాబట్టి 1994 నాటి నిబంధన చెల్లదంది. ఆ కేసులో ముద్దాయి 2019లో అదే ఆర్లింగ్టన్‌లో, కార్లు నిలిపేచోట తన స్నేహితురాలిని కొట్టి, చూసినవాళ్ళుండడం గమనించి తుపాకీ పేల్చినవాడు. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా నిబంధనని నిలబెట్టింది. మనం వూపిరి పీల్చుకోవచ్చు. కానీ ఆ చరిత్ర షరతు పోలేదు. 1791లో ఓటు లేని, పెళ్ళయితే ఆస్తి హక్కు కూడా లేని స్త్రీ గురించి చట్టం ఏమనుకుందో వెతికి, ఇవాళ్టి స్త్రీ ప్రాణానికి విలువకట్టడం ఏ న్యాయం? అమెరికా స్త్రీలకి జాతీయ స్థాయిలో ఓటు వచ్చింది 1920లో!

మళ్ళీ నిన్నటి చెల్లెలి మాటకి వద్దాం. స్త్రీల చేతికి తుపాకీ ఇస్తే? నిర్భయ సంఘటన తర్వాత, 2014లో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ స్త్రీల కోసమని 'నిర్భీక్' అనే చిన్న రివాల్వర్ తయారుచేసింది. ధర సుమారు లక్షా 22 వేల రూపాయలు. పత్తి చేలో కూలికి పోయే స్త్రీ, బీడీలు చుట్టే స్త్రీ దాన్ని కొంటుందా? కొన్నా, ఇంట్లో దాని తాళం ఎవరి దగ్గర వుంటుంది? మన దగ్గర స్త్రీని హింసించేవాడు ఎక్కువగా ఆమెకి తెలిసినవాడే. అతన్ని కాల్చి ఆమె ఏ కోర్టులో నిలబడుతుంది?

తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు తుపాకీ పట్టలేదా అని మీరడగొచ్చు. పట్టారు. వాళ్ళ ధైర్యాన్ని తక్కువచేసే అర్హత నాకు లేదు. కానీ అది దొర గడీ మీద, రజాకార్ల మీద ఒక సమిష్టి పోరాటం. ఒంటరి మనిషి నడుముకి వేలాడే తుపాకీ అది కాదు. పోరాటం ముగిశాక ఆ స్త్రీలని మళ్ళీ వంటింట్లోకి పొమ్మన్నారని వాళ్ళే చెప్పుకున్నారు. ఆయుధం చేతికి వచ్చినంతమాత్రాన అధికారం చేతికి రాదని మనకి నేర్పింది వాళ్ళే.

అక్కడి స్త్రీలు చేసిన పనిలో మనం నేర్చుకోదగ్గది వుంది. దుకాణాల మీద ఒత్తిడి తెచ్చారు. స్టార్‌బక్స్ 2013లో, టార్గెట్ 2014లో, ఎల్ పాసోలో 23 మంది ప్రాణాలు తీసిన కాల్పుల తర్వాత వాల్‌మార్ట్ 2019లో, తమ దుకాణాలకి తుపాకులు తీసుకురావద్దనో, పైకి కనపడనివ్వద్దనో జనాన్ని కోరాయి. వర్జీనియా 2020లో బహిరంగ సభలు, పార్కుల దగ్గర నిషేధించే అధికారం స్థానిక సంస్థలకి ఇచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రం 2021లో ప్రదర్శనల్లో బహిరంగంగా ధరించడాన్ని నిషేధించింది. కొలరాడో కూడా 2021లో, బౌల్డర్‌లో పదిమంది చనిపోయాక, స్థానిక సంస్థలకి సొంత నియమాలు చేసుకునే అధికారం తిరిగి ఇచ్చింది. అయితే దుకాణం దయ చట్టం కాదు. టెక్సాస్‌లో గుమ్మానికి బోర్డు పెట్టి తుపాకీని ఆపొచ్చు. బోర్డు లేని రోడ్డు, బస్సు స్టాపు, పార్కు మాటేమిటి? కారు లేని పేద స్త్రీ తిరిగేది అక్కడే కదా.

మనకి ఆ చట్టాలు లేవు. 1878 ఆయుధ చట్టం యూరోపియన్లని వదిలి మనవాళ్ళకే లైసెన్సు పెట్టిన వలస చట్టం. 1959 చట్టంలో తుపాకీ హక్కు కాదు, లైసెన్సుతో ఇచ్చే అనుమతి. ఒకరికి రెండు తుపాకులకి మించి వుండకూడదని, సంబరాల్లో కాల్పులు జరిపితే రెండేళ్ళ వరకూ జైలు అని 2019లో సవరించారు. అయినా నాయకుడు పంచాయితీకి గన్‌మెన్‌తో వచ్చి కూర్చుంటే, ఎదురుగా నిలబడ్డ స్త్రీ గొంతు పెగులుతుందా? ఆ తుపాకీ కూడా పేలకుండానే పనిచేస్తుంది.

అందుకని మూడు పనులు చెప్పి ముగిస్తాను. ఒకటి, గృహహింస కేసు రాసుకునేటప్పుడు "ఇంట్లో తుపాకీ వుందా? లైసెన్సు వుందా?" అని తప్పక అడగండి. రెండు, వుంటే, హింసకి వాడిన ఆయుధాన్ని పోలీసుల సాయంతో స్వాధీనం చేసుకునే బాధ్యతని గృహహింస చట్టం 2006 నిబంధనల్లో పదోది రక్షణాధికారికి ఇస్తోంది. మెజిస్ట్రేటుని లిఖితపూర్వక ఆదేశం కోరండి. ఆయుధ చట్టం 17వ సెక్షన్ కింద లైసెన్సు నిలిపివేయమనో రద్దు చేయమనో అధికారికి దరఖాస్తు పెట్టండి. మూడు, మీరు కూర్చునే ఏ పంచాయితీలోనైనా ఆయుధాలు బయట పెట్టాకే మాట మొదలుపెడదామని పట్టుబట్టండి.

మా అమ్మాయికి కూతురు పుట్టింది. ఇప్పుడు బడికి పోతోంది. కొత్త దుకాణానికి వెళ్ళిన ప్రతిసారీ ముందు గుమ్మం మీద బోర్డుందా అని చూస్తానని మా అమ్మాయి అంటుంది. బోర్డు వెతుక్కోకుండా ఒక తల్లి కూరగాయలు కొనుక్కోగలగడం కూడా హక్కే. ఆ రోజు మేం వదిలేసి వచ్చిన బండి నాకింకా గుర్తుంది. వీధిలో స్త్రీలు అలా వదిలేసి వచ్చినవి ఎన్నో, ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ లెక్క మనమే రాయాలి.